నవాబ్ గారి రెండు తలల పాము

"కదలకండి! చేతిలోవి వదలకండి! ఒకదానికొకటి తగలనివ్వకండి!"

డాబా మీద గొంతుక్కూర్చుని, రెండు చేతుల్లో రెండు వైరు కొసలు పట్టుకున్న నవాబ్ తలెత్తి చూశాడు. మెట్ల చివర ఒక అమ్మాయి నిలబడి ఉంది. చంకలో చుట్టిన జంపఖానా.

"నేను దొంగని కాదండీ. అష్ఫాక్ సేఠ్ గారు పిలిస్తేనే..."

మాట పూర్తి కాలేదు. జంపఖానా గాల్లో విచ్చుకుని నాలుగు సోలార్ ప్యానెళ్ళ మీదా పడింది. మిగిలిన ముక్క నవాబ్ నెత్తిన పడింది. చీకటి. దుమ్ము. ఎప్పటి విందు నాటిదో ఒక ఏలక్కాయ తొక్క ముక్కు మీదకి జారింది.

"ఇప్పుడు వదలండి" అంది ఆ అమ్మాయి.

నవాబ్ లోపలినుంచే తుమ్మి, "కరెంటు పోయిందండీ. చూసుకునే ఎక్కాను" అన్నాడు.

"కరెంటు పోయింది. సూర్యుడు పోయాడా?"

ఈ ప్రశ్న నవాబ్‌కి ఎప్పుడూ తట్టలేదు. అప్పట్లో బెజవాడలో ఏ వైరింగ్ మేస్త్రీకీ తట్టలేదు. అది 2009 ఎండాకాలం. మేస్త్రీలు మెయిన్ ఆపడం మానేసి చాలా కాలమైంది. ఆపే పని గవర్నమెంటే చూసుకుంటోంది. కోత మొదలవగానే నిచ్చెన ఎక్కడం, కోత అయ్యేలోగా దిగడం. నవాబ్ అయితే దాన్నొక విద్యలా చెప్పుకునేవాడు. "మెయిన్ ఆపేది చేతగానోళ్ళండీ. నేను కోతలోనే పని చేస్తాను" అనేవాడు. కోత లేకపోతే అతనికి పని లేదు. ప్రజలంతా తిట్టే కోతకి మొక్కిన మనిషి భవానీపురంలో అతనొక్కడే.

"ప్యానెల్‌కి కోత ఉండదు" అంది అమ్మాయి. "ఎండ పడుతున్నంతసేపూ తయారు చేస్తూనే ఉంటుంది. ఒక్కటైతే పెద్దగా ఏమనదు. నాలుగూ వరసగా కలిపారు. చేతులు చెమటగా ఉన్నాయి. కొసలు తగిలితే మంట, మీకు తగిలితే మీరు. ముందు కప్పాలి, తర్వాత ముట్టుకోవాలి."

నవాబ్ జంపఖానాలోంచి తల బయటపెట్టాడు. "ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"పాలిటెక్నిక్. ఎలక్ట్రికల్ డిప్లొమా."

"మరి ఇంట్లో మిమ్మల్ని పెట్టుకుని సేఠ్ గారు నన్నెందుకు పిలిచారు?"

"కింద ఉన్నారు. అడగండి. నేను రోజూ అడుగుతున్నాను."

అమ్మాయి పేరు ఆస్మా. ఆమెకి డిప్లొమా చెప్పించింది సంబంధాల వాళ్ళకి చెప్పుకోవడానికి. ఆ డిప్లొమాతో ఇంట్లో బల్బు మారుస్తానంటే తండ్రి ఒప్పుకోడు. "ఆడపిల్ల స్టూలెక్కితే చూసేవాళ్ళేమనుకుంటారు?" అంటాడు. చూసేవాళ్ళ కోసం చదివించాడు, చూసేవాళ్ళ కోసం కూర్చోబెట్టాడు.

అష్ఫాక్‌కి ఐరన్ యార్డ్‌లో పాత ఇనుము, ఇత్తడి వ్యాపారం. బేరమాడకపోతే ఆయనకి అన్నం అరగదు. హనుమాన్ జంక్షన్‌లో ఒక డీలరు దగ్గర ప్యానెళ్ళు, బ్యాటరీలు, ఇన్వర్టర్ బేరమాడి కొన్నాడు. ఇంకా తగ్గించమంటే ఆ డీలరు మారుమాట లేకుండా ఎర్తింగ్ తీసేశాడు. ఇంకా తగ్గించమంటే ఫ్యూజులు తీసేశాడు. చివరికి చేంజ్ ఓవర్ స్విచ్ కూడా తీసేశాడు. కొనేవాడు గెలిచాననుకున్నాడు, అమ్మేవాడూ గెలిచాననుకున్నాడు. ఈ దేశంలో ఓడిపోయేవాడు బేరం జరిగేటప్పుడు అక్కడుండడు.

"ఎర్తింగ్ అంటే ఏంటి? భూమిలోకి పోయే వైరు" అన్నాడు అష్ఫాక్, నవాబ్ కిందకి రాగానే. "నా కరెంటు నేను భూమికెందుకివ్వాలి? భూమి నాకేమన్నా శిస్తు కడుతోందా?"

"అబ్బా, అది ప్రాణం కాపాడే వైరు" అంది ఆస్మా.

"ప్రాణం కాపాడేది అల్లా, బేటీ."

"అల్లా డిప్లొమా కూడా ఇచ్చాడు కదా అబ్బా."

అష్ఫాక్ విననట్టు నవాబ్ వైపు తిరిగాడు. "ఇదిగో అబ్బాయ్, ఆ చేంజ్ ఓవరో ఏదో లేకుండా ఇల్లంతా వెలగాలి. నీ వల్ల అవుద్దా, అవదా?"

ఆస్మా అడ్డొచ్చింది. "ఇల్లు ఒకటి, కరెంట్లు రెండు. ఒకటి వీధిలోంచి, ఒకటి ఇన్వర్టర్‌లోంచి. ఒకటి లోపలికొస్తే రెండోదానికి తలుపు వెయ్యాలి. ఆ తలుపే చేంజ్ ఓవర్. అది లేకుండా అవదు."

అవదు అన్న మాట నవాబ్‌కి పడదు. అందులోనూ తన మీద జంపఖానా వేసిన అమ్మాయి నోటినుంచి. సంచీలోంచి ఒక వైరు తీశాడు. ఒక కొసకి త్రీపిన్ ప్లగ్గు బిగించాడు. రెండో కొసకీ త్రీపిన్ ప్లగ్గే బిగించాడు. మెయిన్ ఆపి, ఒకటి ఇన్వర్టర్‌లో గుచ్చాడు, రెండోది గోడ సాకెట్‌లో గుచ్చాడు. ఇల్లంతా వెలిగింది. వంటింట్లో మిక్సీ కూడా ఒకసారి గుర్రుమంది.

"శభాష్!" అన్నాడు అష్ఫాక్. "ఏమంటారు దీన్ని?"

"రెండు తలల పాము అంటామండీ మేస్త్రీలం."

"రెండు తలల పామా! అదృష్టం అంటారు కదా!"

"పెట్టేముందు మెయిన్ ఆపాలండీ. అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు."

"మర్చిపోతే?" అంది ఆస్మా.

"ఎందుకు మర్చిపోతారండీ?"

"మా అబ్బా కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటారు. మెయిన్ ఆపకపోతే ఈ కరెంటు మీటరు దాటి స్తంభం మీదకి పోద్ది. పైన ఎవరో ఒకరు కరెంటు లేదనుకుని వైరు పట్టుకునుంటారు."

"పైన ఎవరుంటారండీ? మా శౌరయ్య గారేగా. ఆయన నా గురువు. ఆయనకేం కాదు."

శౌరయ్య ఆ వీధుల లైన్‌మన్. నవాబ్ చిన్నప్పుడు ఆయన నిచ్చెన పట్టుకుని పని నేర్చుకున్నాడు. గురువుకేం కాదట. ఈ మాట ఏ శాస్త్రంలో ఉందో ఆస్మాకి తెలియలేదు. ప్లగ్గు పీకి, పాముని చుట్టచుట్టి, చున్నీ కింద పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు అష్ఫాక్ నుంచి ఫోను. "పాము కనబడట్లేదయ్యా. ఇంకోటి చేసుకురా."

నవాబ్ ఇంకోటి చేసుకెళ్ళాడు. అదీ మాయమైంది. మళ్ళీ చేసుకెళ్ళాడు. గుమ్మంలో ఆస్మా.

"మళ్ళీ వచ్చారా?"

"మీరు దాస్తున్నారు, నేను తెస్తున్నాను."

"దాయట్లేదు. కోస్తున్నాను."

"కోసిన తలలేం చేస్తున్నారండీ?"

"దండ గుచ్చి మీ మెడలో వేద్దామని."

ఆమె అన్నది వేరు, అతను విన్నది వేరు. దండ అన్న ఒక్క మాటే చెవిలో పడింది. ఆ రోజంతా ఫేజు వైరుకి బదులు న్యూట్రల్ కోస్తూ గడిపాడు. మగవాడికి ఆడపిల్ల తిడితే ప్రేమ, తిట్టకపోతే సిగ్గు. మూడో అర్థం ఉంటుందని ఎవరూ నేర్పరు.

ఒకటి మాత్రం చెప్పాలి. ప్యానెళ్ళు తుడవాలనో, బోల్టు బిగించాలనో డాబా ఎక్కినప్పుడల్లా అతను ముందు జంపఖానా అడిగి తీసుకునేవాడు. "నాలుగూ మునిగాయా అండీ?" అని మెట్ల మీద నుంచున్న ఆమెని అడిగేవాడు. "ఎడమపక్క కొస" అంటే సర్దేవాడు. బ్యాటరీల దగ్గర పానా జారితే ఏమవుతుందో అడిగి, ఆమె చెప్పాక పానాకి పిడి దాకా టేపు చుట్టుకున్నాడు. పాలిటెక్నిక్‌లో ఆమె మాట ఇంత శ్రద్ధగా విన్నవాడు లేడు. ఆస్మా ఆ సంగతి గమనించింది. గమనించినందుకు తనమీద తనకే కోపం వచ్చి, ఆ రోజు పాముని రెండు ముక్కలు కాక నాలుగు ముక్కలు చేసింది.

ఈలోగా పాము పిల్లలు పెట్టింది. అష్ఫాక్ ఇల్లు కోతలో వెలగడం వీధంతా చూసింది. సోలార్ లేనివాళ్ళు ఉత్త ఇన్వర్టర్‌కే చేయించుకున్నారు. భవానీపురంలో నవాబ్ పేరు మోగిపోయింది. పేరుకి నవాబైనవాడు పనికీ నవాబయ్యాడు.

ఆ ధీమాతో పిన్ని నజీమాని అష్ఫాక్ ఇంటికి సంబంధం మాట్లాడటానికి బయల్దేరదీశాడు.

"అమ్మాయి ఒప్పుకుందా?" అని అడిగింది నజీమా.

"ఒప్పుకోక? నేను రావాలనే రోజూ పాము దాస్తోంది ఖాలా!"

నజీమాకి సగమే అర్థమైంది. మిఠాయి కొంది.

వాళ్ళు వెళ్ళే రోజు పొద్దున్న ఈదురుగాలి, వాన. వేప కొమ్మ విరిగిపడి అష్ఫాక్ ఇంటికి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు తెగిపోయింది. వాన తెరిపివ్వగానే శౌరయ్య వచ్చాడు. నిచ్చెన వేసి, లైను ఆపించి, టెస్టరు పెట్టి చూసుకుని, తెగిన వైరు కలపడానికి ఎక్కాడు. ఎక్కుతూ కిటికీలోంచి, "అష్ఫాక్ భాయ్, టీ రెడీ చేయించు. దిగేసరికి నీ ఇంట్లో కరెంటుంటుంది" అన్నాడు.

అష్ఫాక్ వినలేదు. హాల్లో చీకట్లో కూర్చున్న నజీమాని, పక్కనే లోపలి గుమ్మం వైపే చూస్తున్న నవాబ్‌ని చూసి సిగ్గుపడిపోతున్నాడు. సోలార్ ఉన్న ఇంట్లో చుట్టాలు చీకట్లో కూర్చోవడమా? బీరువా వెనకనుంచి ఆస్మాకి దొరక్కుండా దాచిన పాముని తీశాడు. ఒక తల ఇన్వర్టర్‌లో. ఒక తల గోడలో. మెయిన్ సంగతి గుర్తు రాలేదు. కళ్ళజోడు మాత్రం పెట్టుకునే ఉన్నాడు.

లైట్లు వెలిగాయి. ఫ్యాను తిరిగింది.

"మాషా అల్లా!" అంది నజీమా.

వీధిలో కేక. నిచ్చెన గోడకి గీసుకుంటూ జారిన చప్పుడు.

షర్బత్ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చిన ఆస్మా పళ్ళెం వదిలేసింది. నవాబ్ ఒక్క దూకులో గోడ దగ్గరికెళ్ళి ప్లగ్గు పట్టుకుని లాగాడు.

"ఆ తల కాదు!"

ఆస్మా అరుస్తూనే ఇన్వర్టర్ మీద పడి స్విచ్ నొక్కింది. ఫ్యాను ఆగింది. గోడలోంచి బయటికొచ్చిన ఇత్తడి పిన్నులు నవాబ్ బొటనవేలికి ఆనుకుని ఉన్నాయి. రెండో తల ఇంకా ఇన్వర్టర్‌లోనే ఉంది. ఆమె ఒక్క క్షణం ఆలస్యం చేసుంటే, పాము తనని తయారుచేసినవాణ్ణే కరిచేది.

శౌరయ్య పక్కింటి ముందున్న ఇసక గుట్ట మీద వెల్లకిలా పడున్నాడు. ఇసకే బతికించింది. కుడి అరచెయ్యి కాలింది. నవాబ్ పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో తల కూడా ఊడొచ్చి, పాము ఇంకా చేతిలోనే వేలాడుతోంది.

శౌరయ్య కళ్ళు తెరిచాడు. "లైను ఆపించానురా... టెస్టరు కూడా పెట్టాను. ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అప్పుడు నవాబ్ చేతిలోది చూశాడు. రెండు తలలూ చూశాడు.

"ఇది నేనే నేర్పానా నీకు?"

మిఠాయి పొట్లం హాల్లోనే ఉండిపోయింది. ఎవరూ విప్పలేదు.

ఆ తర్వాత నవాబ్ ఆ ఇంటికి రాలేదు. ఆస్పత్రిలో శౌరయ్య దగ్గర ఉండి అన్నం ముద్దలు కలిపి పెట్టాడని ఆస్మా విన్నది. పెట్టినంతసేపూ శౌరయ్య తిట్టాడనీ, తిడుతూ తిన్నాడనీ కూడా విన్నది. ఆయన డిశ్చార్జ్ అయ్యాక నవాబ్ కటింగ్ ప్లేయర్ పట్టుకుని, తాను పాము ఇచ్చిన ఇంటింటికీ తిరుగుతున్నాడట.

ఇచ్చినప్పుడు టీ ఇచ్చిన ఇళ్ళే ఇప్పుడు తలుపులేశాయి. "బాగా వెలుగుతోంది కదయ్యా, ఎందుకు కోస్తావు?" "మేం మెయిన్ ఆపుతాంలే." "పక్కింటాయనది ముందు కొయ్యి, తర్వాత రా." ఒకాయన చాలా శాంతంగా అన్నాడు, "లైన్‌మన్ పడితే వాళ్ళ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది." ఆయన రోజూ పేపరు చదివే మనిషి. నవాబ్ ఆయన అరుగు మీదే కూర్చున్నాడు. పాము ఇచ్చేదాకా లేవలేదు. ఆయన పొద్దున చదవాల్సిన పేపరు మధ్యాహ్నం చదివాడు, పాము లేకుండా.

ఒకరోజు సాయంత్రం ఆస్మా బట్టలు తియ్యడానికి డాబా ఎక్కింది. పక్క డాబా మీద కొత్తగా పెట్టిన ప్యానెళ్ళు. నవాబ్ వాటి మీద దుప్పటి పరుస్తున్నాడు. పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, అప్పుడు స్పానర్ తీశాడు.

ఆమె పిట్టగోడ దగ్గరికొచ్చింది. "దుప్పటి పల్చగా ఉంది. వెలుతురు దిగుద్ది."

నవాబ్ తిరిగి చూశాడు. సన్నబడ్డాడు. "మీ జంపఖానా ఇప్పిస్తారా అండీ?"

"కుదరదు. పెళ్ళికి కావాలి మాకు."

స్పానర్ ఆగింది. "ఎవరి పెళ్ళండీ?"

"నాకు మెహర్ కానుక ఇచ్చేవాణ్ణి బట్టి."

సన్నగా చినుకులు మొదలయ్యాయి. వానలో వైరింగ్ పని చెయ్యకూడదు. మాట్లాడుకోవచ్చు. నవాబ్ పనిముట్లు సంచీలో పెట్టి పిట్టగోడ దగ్గరికొచ్చాడు. రెండు గోడల మధ్య మూరెడు సందు. కింద వేప చెట్టు కొమ్మ.

"నేను తప్పుగా అనుకున్నానండీ. మీరు నన్ను రప్పించడానికే దాస్తున్నారనుకున్నాను."

"మొదట్లో కాదు."

"అంటే తర్వాత?"

"వానలో తడుస్తున్నారు. ప్రశ్నలు తక్కువ అడగండి."

"మెహర్ ఏమడుగుతారు? నా దగ్గర బంగారం లేదు. పేరులో తప్ప నవాబుతనం ఎక్కడా లేదు."

"భవానీపురంలో మీరు చేసిన పాములన్నీ. రెండేసి తలలతో. ఒక్కటి తగ్గినా కుబూల్ చెప్పను."

నవాబ్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆపేశాడు. అక్కడ వేళాకోళం లేదు. "అన్నీనా అండీ?"

"అన్నీ. శౌరయ్య గారు మళ్ళీ స్తంభం ఎక్కుతారు కదా."

నిఖా రోజు హాల్లో జంపఖానా పరిచారు. దాని మీద ఖాజీ సాహెబు, పెళ్ళికొడుకు, పెద్దలు. తెరకవతల ఆడవాళ్ళ మధ్య ఆస్మా. మూలన కుర్చీలో శౌరయ్య, అరచేతిలో ఎర్రగా కొత్త చర్మం. గోడకి మెరిసిపోతున్న చేంజ్ ఓవర్ స్విచ్. ఎర్తింగ్ కూడా వేశారు. గుంట తవ్వి ఉప్పు, బొగ్గు పోయించేటప్పుడు స్టూలెక్కి వైరు బిగించింది ఆస్మాయే. చూసేవాళ్ళు చూశారు. ఏమీ అనుకోలేదు. ఇద్దరు ముగ్గురు తమ ఇంటికెప్పుడొస్తావని అడిగారు.

"మెహర్ ఏమిటి?" అన్నాడు ఖాజీ సాహెబు.

నవాబ్ ఒక గోనెసంచీ ముందుకు తోశాడు. ఖాజీ సాహెబు మూతి విప్పి చూసి ఉలిక్కిపడ్డాడు. లోపల అన్నీ ప్లగ్గు తలలు.

"మెహర్‌కి విలువుండాలి నాయనా. ఇదేం చెత్త?"

"చెత్త కాదు సాహెబూ!" అష్ఫాక్ ముందుకొచ్చి ఒక తల తీసి గోటితో గీకాడు. "పిన్నులు అసలైన ఇత్తడి. నలభై ఏళ్ళ వ్యాపారం నాది. దీన్ని చెత్తంటే ఐరన్ యార్డ్ మొత్తం నవ్వుద్ది."

ఖాజీ సాహెబు సరేనన్నాడు. అమ్మాయి తరఫు పెద్దగా నిలిచిన వకీలు, సాక్షులు తెర దగ్గరికెళ్ళి ఆమె సమ్మతి అడిగారు.

లోపలినుంచి కుబూల్ రాలేదు. ప్రశ్న వచ్చింది. "అన్నీ ఉన్నాయా అని అడగండి."

అడిగారు. నవాబ్ తల వంచుకున్నాడు. ఈ రోజు ఒక్క అబద్ధంతో పెళ్ళైపోతుంది. సంచీలో తలలు లెక్కపెట్టే ఓపిక అక్కడెవరికీ లేదు.

"ఒకటి లేదు" అన్నాడు.

నజీమా నెత్తి కొట్టుకుంది.

"ఎవరింట్లో ఉంది?" తెర వెనక గొంతు గట్టిపడింది.

"తెలుసు. అడగడానికి నోరు రాలేదు. పెద్దవాళ్ళు."

"అడగనివాళ్ళకి నేను కుబూల్ చెప్పను."

నవాబ్ లేచాడు. మొహం మీది పూల సెహ్రా పక్కకి తీసి, తిన్నగా మామగారి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"మామా, బీరువా వెనకది ఇవ్వండి."

అష్ఫాక్ మొహం రంగు మారింది. "నా దగ్గరేముంది? ఆ రోజు వాడింది నువ్వే పట్టుకుపోయావుగా!"

"చివరిసారి మీకు ఇచ్చినవి రెండు మామా. ఒకటి పోతే ఒకటుంటుందని మీరే అడిగారు."

"అరే, స్విచ్ పెట్టించాను కదా! ఇదేదో అవసరానికి... కొత్త వైరు, కొత్త ప్లగ్గులు, పారెయ్యడానికి మనసు..." అష్ఫాక్ చుట్టూ చూశాడు. శౌరయ్య అరచెయ్యి మోకాలి మీద వెల్లకిలా ఉంది.

అష్ఫాక్ లోపలికెళ్ళి పాముతో తిరిగొచ్చాడు. నవాబ్‌కి ఇవ్వలేదు. నేరుగా మూలకెళ్ళి శౌరయ్య చేతిలో పెట్టాడు.

"నువ్వే కొయ్యి శౌరయ్యా" అన్నాడు. వెంటనే, "వైరు పాడుచెయ్యకు. తల మొదట్లో కొయ్యి. రాగి మంచిది" అన్నాడు.

నవాబ్ జేబులోంచి కటింగ్ ప్లేయర్ ఇచ్చాడు. పెళ్ళికొడుకు షేర్వానీలో కటింగ్ ప్లేయర్ ఏమిటని ఎవరూ అడగలేదు. శౌరయ్య వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. ఎడమ చేత్తో సాయం పట్టి నొక్కాడు. ఒక తల. ఇంకో తల. రెండూ సంచీలో పడ్డాయి.

"అమ్మాయ్! అయిపోయిందమ్మా!" అని కేకేశాడు.

తెర వెనకనుంచి, "కుబూల్" అని వినిపించింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చుట్టాలు గోలగోలగా లేచారు. నవాబ్ స్విచ్ వైపు వెళ్ళబోయాడు.

"మీరు కూర్చోండి" అంది ఆస్మా, తెర తీసుకుని బయటికొస్తూ. పట్టు కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చేంజ్ ఓవర్ హ్యాండిల్ కిందకి లాగింది. లైట్లు వెలిగాయి. వీధిలో స్తంభం మాత్రం ఇంట్లో కరెంటు ఎక్కకుండా చల్లగా, చచ్చినట్టు నిలబడింది.